అరవై దాటాక బరువు, నడక వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పులో నిజంగా తేడా ఉంటుందా? అమ్మకి ఎలా చెప్పాలి?

కందుకూరు అమ్మాయి:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అమ్మకి 63. కందుకూరు దగ్గర పల్లెలో ఉంటుంది, నేను నెల్లూరులో ఉంటాను. అమ్మకి నలభైల్లోనే గర్భసంచి తీసేశారు, మా వీధిలో ఆ వయసు ఆడవాళ్ళలో తీయించుకోని వాళ్ళు ఎవరా అని వెతుక్కోవాలి లెండి, అది వేరే కథ. ఆ తర్వాత మెల్లగా ఒళ్ళు వచ్చింది, ఇప్పుడు ఐదడుగుల మనిషికి 72 కిలోలు. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచు మీద ఉంది అన్నారు.

ఈమధ్య అమ్మతో పాటు భజనకి వెళ్ళే ఒకావిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆవిడ శుద్ధ శాకాహారి, కార్తీక మాసమంతా ఒంటిపూట భోజనం, మనిషి చూస్తే రివటలా ఉంటుంది. అప్పటినుంచి మా అమ్మ ఒకటే పాట: "ఉల్లిపాయ ముట్టని మనిషికే వచ్చింది, ఇంక నేను నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత. రాసిపెట్టి ఉంటే వస్తది." అంతకుముందు పోరితే చెరువు కట్ట దాకా అయినా నడిచేది, ఇప్పుడు అదీ మానేసింది. సాయంత్రం సీరియళ్ళ ముందు కూర్చుంటే జంతికల డబ్బా ఖాళీ అయ్యాకే లేస్తుంది.

ఒక పక్క ఇట్లా అంటూనే ఇంకో పక్క భయం. వాట్సాప్‌లో ఎవరో పంపించారని పాలు మానేసింది, నల్ల లోబాడీలు మూట గట్టి పనమ్మాయికి ఇచ్చేసింది, ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ డబ్బాలు బయట పారేసింది. నడక తప్ప అన్నీ చేసింది!

నా ప్రశ్నలు ఇవి. ఈ వయసులో అలవాట్లు మార్చుకుంటే నిజంగా తేడా ఉంటుందా, లేక చిన్నప్పటినుంచీ ఉన్నదే లెక్కా? గర్భసంచి తీసేశారు కాబట్టి రాదని మా పెద్దమ్మ అంటోంది, నిజమేనా? మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ లేదు, దాంతో నేను కొంత ధైర్యంగానే ఉన్నా, ఉండొచ్చా?

ప్రకృతి ప్రేమి:
రోజూ పరగడుపున పసుపు నీళ్ళు, గోధుమగడ్డి రసం తాగించండి. క్యాన్సర్ దరిదాపుల్లోకి రాదు. మా పిన్ని ఎప్పటినుంచో తాగుతోంది, ఇంతవరకు ఏమీ లేదు. ఇంగ్లీషు మందుల వాళ్ళు ఇవి చెప్పరు.

ఒంగోలు సిస్టర్, రిటైర్డ్:
మీ పిన్ని చల్లగా ఉండాలి అబ్బాయ్, కానీ నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళకి పసుపు నీళ్ళు తాగినా తాగకపోయినా ఈ జబ్బు రాదు. రాని వాళ్ళందర్నీ చూపించి నేను తిన్న చేపల పులుసు వల్లే రాలేదని కూడా చెప్పొచ్చు.

అమ్మాయ్, నీ ప్రశ్నకి వస్తాను. మీ అమ్మ అడిగింది పిచ్చి ప్రశ్నేం కాదు, వార్డులో నేను వందల సార్లు విన్నాను. అన్నీ పద్ధతిగా ఉన్న మనిషికి రావడమేంటి అని. ముందు ఇది తెలుసుకో, ఈ జబ్బుకి అన్నిటికంటే పెద్ద కారణాలు రెండు, ఆడపుట్టుక, వయసు. ఈ రెండూ మన చేతుల్లో లేవు. కాబట్టి ఆ భజన ఆవిడ ఏ తప్పూ చేయలేదు, ఆవిడ ఏం తినిందో ఏం తినలేదో అని ఆరా తీయడం ఆపండి. కానీ ముప్పులో కొంత భాగం మన చేతుల్లో ఉంటుంది, మీ అమ్మ వయసులో ఆ భాగంలో ముఖ్యమైనది బరువే.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మీ అమ్మ కూడా వింటుంది. నెలసరి ఉన్నంత కాలం ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువగా అండాశయాల నుంచి వస్తుంది. అవి ఆగిపోయాక హార్మోను పూర్తిగా పోయిందనుకుంటారు, పోదు. అప్పుడు దాన్ని తయారు చేసేది ముఖ్యంగా ఒంట్లో కొవ్వు. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే వేరే హార్మోన్లని అది ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఆ తయారీ అంత ఎక్కువ. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ హార్మోను అందితే పెరిగే రకాలే. అందుకే పాతికేళ్ళ పిల్ల లావుగా ఉండడం వేరు, అరవై ఏళ్ళావిడ లావుగా ఉండడం వేరు, ఈ జబ్బు విషయంలో రెండో దానికే భయపడాలి.

పెద్ద పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 5 పాయింట్లు పెరిగితే ఈ ముప్పు సుమారు 12 శాతం పెరుగుతుందని తేలింది. ఐదడుగుల మనిషికి 5 పాయింట్లంటే 11, 12 కిలోలు. మీ అమ్మ బీఎంఐ 31 దాకా వస్తుంది, మనవాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. తూకం ఒక్కటే కాదు, నడుం చుట్టుకొలత కూడా చూడు, మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. టైలర్ టేపు చాలు.

ఇక ఇప్పుడు తగ్గితే లాభమా అంటే, ఉంది. అమెరికాలో మా నర్సుల మీదే 1976 నుంచి నడుస్తున్న పెద్ద పరిశీలన ఒకటుంది. అందులో నెలసరి ఆగిపోయాక 10 కిలోలో ఆ పైనో తగ్గి, మళ్ళీ పెరగకుండా నిలబెట్టుకున్న వాళ్ళని చూస్తే, హార్మోను మాత్రలు ఎప్పుడూ వాడని వాళ్ళలో ముప్పు సగానికంటే తక్కువకి పడిపోయింది. అందరికీ పది కిలోలు తగ్గడం కుదరదు, నాకే కుదరలేదు. కానీ ఈ వయసులో ఏం చేసినా దండగ అనే మాట మాత్రం అబద్ధం.

గర్భసంచి తీసేస్తే రాదన్నది తప్పు. గర్భసంచికీ రొమ్ముకీ ఆ సంబంధం లేదు. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే ఈ ముప్పు కొంత తగ్గే మాట నిజమే, కానీ దానికి బదులు ఎముకలు, గుండె దెబ్బతింటాయి, అదేమీ సంతోషించాల్సిన విషయం కాదు. అప్పటి డిశ్చార్జి కాగితాలు ఉంటే అండాశయాలు తీశారా ఉంచారా చూసి పెట్టుకో, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అడుగుతారు.

ఇంట్లో ఎవరికీ లేదనే ధైర్యం కూడా వద్దు. ఈ జబ్బులో వంశపారంపర్యంగా వచ్చేది 5 నుంచి 10 శాతమే. వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది "మా ఇంటా వంటా లేదే" అన్నవాళ్ళే.

పాలు తాగమను. నల్ల లోబాడీలు పనమ్మాయికి దక్కాయి, మంచిదే.

పొదిలి మాస్టారు:
సిస్టర్ గారు చెప్పిన ఆ అరోమటేజ్ సంగతి మా ఇంట్లో రోజూ చూస్తున్నాం. మా ఆవిడకి 59లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక డాక్టరు గారు లెట్రోజోల్ అని రోజుకో మాత్ర రాశారు, ఐదేళ్ళు వాడాలన్నారు. ఈ మాత్ర ఏం చేస్తుందండీ అని అడిగితే, ఒంట్లో కొవ్వు తయారు చేసే ఈస్ట్రోజెన్‌ని ఆపుతుంది అన్నారు. అంటే కొవ్వుకీ ఈ జబ్బుకీ ఉన్న లింకు ఎవరో వాట్సాప్‌లో రాసింది కాదు, దాన్ని పట్టుకునే మందే తయారైంది. ఇది మీ అమ్మగారికి చెప్పండి. మా ఆవిడకి నేను నడవమని చెప్తే వినలేదు, ఈ మాత్ర పని తెలిశాక తనే చెప్పులు వేసుకుంది.

ఇంకొక మాట, ఇది కాస్త కోపంగానే రాస్తున్నా. మా ఆవిడకి గడ్డ చేతికి తగిలి చాలాకాలమే అయినా నొప్పి లేదు కదా అని ఊరుకుంది, నాకు కూడా చెప్పలేదు, సిగ్గు. తర్వాత బంధువులు ఎవరో పసరు కట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. సూది గుచ్చి పరీక్ష చేస్తే ఒళ్ళంతా పాకుతుందని ఆయనే భయపెట్టాడు. చివరికి టౌనుకి తీసుకెళ్ళేసరికి గడ్డ నిమ్మకాయంత. బయాప్సీ వల్ల పాకదండీ, ఆలస్యం వల్ల పాకుతుంది. తర్వాత ఇంటికొచ్చిన చుట్టాలు ఒక్కొక్కరూ ఏం తిన్నావు, ఏం తాగావు, ఏ పాపం చేశావు అని ఇంటరాగేషన్. ముప్పు తగ్గించుకునే అలవాట్లు వేరు, వచ్చినవాళ్ళని బోనులో నిలబెట్టడం వేరు. ఈ తేడా మనవాళ్ళకి తెలియదు.

కోవూరు రెడ్డెమ్మ మనవడు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ మా అవ్వ రోజూ సాయంత్రం ఒక చెంబు కల్లు తాగేది, తొంభై దాకా బతికింది, ఏ రోగమూ లేదు. దీనికేమంటారు సిస్టరమ్మా?

ఒంగోలు సిస్టర్, రిటైర్డ్:
మీ అవ్వ పొద్దున లేస్తే నాట్లు వేసి, కోతలు కోసి, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది, అది రాయలేదేం నువ్వు? కల్లు ఒక్కటే గుర్తుందా?

సారా అయినా కల్లయినా బీరైనా వైనైనా అందులో ఆల్కహాలు ఉంటే అది రొమ్ము క్యాన్సర్ కారకాల లిస్టులో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. రోజూ 10 గ్రాముల ఆల్కహాలు ఒంట్లోకి వెళ్తే ముప్పు 7 నుంచి 10 శాతం దాకా పెరుగుతుంది. మన దగ్గర పెద్దవాళ్ళలో తాగే ఆడవాళ్ళు తక్కువ కాబట్టి పైన రాయలేదు. హైదరాబాదు, బెంగళూరులో ఉన్న కోడళ్ళకీ కూతుళ్ళకీ మాత్రం చెప్పండి, కొంచెం వైన్ గుండెకి మంచిదని వాళ్ళు మనకి చెప్తుంటారు!

మీ అవ్వ కాలం వాళ్ళకి ఇంకోటి కలిసొచ్చింది. నలుగురైదుగురు పిల్లలు, ఒక్కొక్కరికి రెండేళ్ళు దాటినా పాలు. 30 దేశాల అధ్యయనాలు కలిపి 2002లో వేసిన లెక్కలో, మొత్తం మీద ప్రతి 12 నెలల పాలివ్వడానికీ ముప్పు 4 శాతం పైన తగ్గింది, ప్రతి కాన్పుకీ ఇంకో 7 శాతం. ఇప్పుడు ఒకరో ఇద్దరో పిల్లలు, అదీ ముప్పైల్లో. అట్లాగని మళ్ళీ ఐదుగురిని కనమని ఎవరూ చెప్పరు, పాలు మాత్రం ఇవ్వగలిగినన్ని నెలలు ఇవ్వమని కూతుళ్ళకి చెప్పాలి.

నెల్లూరు వాకర్:
అక్కా, మీ అమ్మగారికి క్యాన్సర్ పేరు చెప్పి నడిపించాలని చూడకండి, నా అనుభవంలో అది పనిచేయదు. భయం రెండు రోజులుంటుంది. నేను పొద్దున వీఆర్సీ గ్రౌండ్‌లో చూస్తుంటాను, విడవకుండా నడిచే పెద్దావిడలందరూ గుంపుగా వచ్చేవాళ్ళే. వాళ్ళకి నడక కంటే కబుర్లు ముఖ్యం, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ నాలుగు రౌండ్లు వేసేస్తారు, తెలీదు కూడా. మీ అమ్మగారి భజన బ్యాచ్ ఉంది కదా, గుడికి ఆటోలో కాకుండా నడిచి వెళ్ళేలా వాళ్ళలో ఒకర్ని పట్టుకోండి.

వారానికి 150 నిమిషాలు చాలు అంటారు, అంటే రోజుకి పాతిక నిమిషాలు కూడా లేదు, అదీ ఒకేసారి కానక్కర్లేదు, పూటకి పది నిమిషాలు వేసుకున్నా సరిపోతుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలో కూర్చుని లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం లాంటివి ఉన్నాయి. వ్యాయామం చేసే ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 10, 20 శాతం తక్కువని చదివాను, బరువు తగ్గకపోయినా కొంత లాభం ఉంటుందట.

తిండి సంగతి. శాకాహారి అనే మాట చూసి మోసపోకండి. మనవైపు శాకాహారమంటే తెల్లన్నం గుట్ట, పప్పులో నెయ్యి, మధ్యలో వడియాలు అప్పడాలు, పండగొస్తే బొబ్బట్లు, ఇట్లాంటి శాకాహారంతో ఒళ్ళు రాకుండా ఎట్లా ఉంటుంది? చేపల పులుసు తినేవాళ్ళు ఏం నష్టపోవట్లేదు, చేప మంచిదే, చింతపండు పులుసు మంచిదే, ఆ పులుసుతో మూడోసారి పెట్టుకునే అన్నం దగ్గరే వస్తుంది తంటా. మా ఇంట్లో చేసింది ఒకటే, రాత్రి అన్నం బదులు జొన్న రొట్టెనో, రాగి సంగటి చిన్న ముద్దో, పక్కన కూర ఎక్కువ. జంతికల డబ్బా కొనడమే మానేశాం, ఇంట్లో ఉంటే తినకుండా ఉండే మొనగాళ్ళు ఎవరూ లేరు మా ఇంట్లో.

కందుకూరు అమ్మాయి:
అందరికీ థాంక్స్. సిస్టర్ గారూ, మీరు రాసింది అమ్మకి ఫోన్లో చదివి వినిపించా. మొదట "నన్ను లావని ఊరంతా చెప్తావా" అని తిట్టింది, తర్వాత ఆ లెట్రోజోల్ మాట మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. కానీ ఆ 12 శాతం దగ్గర హడలిపోయింది. వందమంది లావు వాళ్ళలో 12 మందికి వస్తుందా అని. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు.

ఇంకొకటి, రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు అంటే ఆమధ్య మందుల షాపులో ఏవో హార్మోను మాత్రలు ఇచ్చారట, కొన్నాళ్ళు వాడి ఆపేసిందట, ఇప్పుడు చెప్తోంది! ప్రమాదమా? మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, తీయించాలా?

ఒంగోలు సిస్టర్, రిటైర్డ్:
కాదు తల్లీ, వందలో 12 మంది కాదు. ఉదాహరణకి వందమంది ఆడవాళ్ళలో ముగ్గురికి వచ్చేదనుకో, 12 శాతం పెరిగితే ఆ ముగ్గురు కాస్తా మూడుంపావు, మూడున్నర మధ్య అవుతారు. అంతే. పేపర్లలో శాతాలు చూసి గుండె ఆగినంత పని చేసుకోవద్దు. అలాగని తీసిపారేయనూ వద్దు, ఎందుకంటే అదే బరువు షుగరునీ, బీపీనీ, మోకాళ్ళనీ, గర్భసంచి ఉన్నవాళ్ళకి దాని లోపలి పొర క్యాన్సర్‌నీ కూడా పెంచుతుంది.

హార్మోను మాత్రల గురించి. అమెరికాలో 16 వేల పైచిలుకు ఆడవాళ్ళ మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోను కలిపిన మాత్రలు పరీక్షించారు. రొమ్ము క్యాన్సర్లు ఎక్కువవుతున్నాయని 2002లో మధ్యలోనే ఆపేశారు. గర్భసంచి లేనివాళ్ళకి ఇచ్చే ఒంటి ఈస్ట్రోజెన్ మాత్రల విషయంలో అలా జరగలేదు. కాబట్టి ఏ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఎన్నాళ్ళు వాడిందన్నది కూడా ముఖ్యం. కొన్నాళ్ళు వాడి ఆపేసిందంటున్నావు కాబట్టి కంగారు పడకు, స్ట్రిప్పు ఉంటే దాచి డాక్టరుకి చూపించు. డాక్టరు చూసి ఇస్తే తప్పేం లేదు, అవసరమైన వాళ్ళకి ఇవ్వాల్సిందే. షాపులో అడిగి కొనుక్కోవడమే తప్పు. పేరు తెలియని ఆకుల పొడులకీ ఇదే మాట.

పరీక్షల సంగతి శ్రద్ధగా చదువు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళ పరీక్ష ఒకటి చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. అందులో మిషన్లు లేవు, మామోగ్రామ్ లేదు. నేర్పించిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో తడిమి చూశారు, అంతే. యాభై దాటిన వాళ్ళలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు 30 శాతం తగ్గారు. యాభై లోపు వాళ్ళలో ఆ లాభం కనపడలేదు. అంటే మీ అమ్మ వయసు వాళ్ళకే ఇది బాగా పనికొచ్చేది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, మీ ఊరి ఏఎన్ఎంని, అదే ప్రభుత్వ నర్సమ్మని, అడగమను, డబ్బులు ఏమీ కట్టక్కర్లేదు. ఏఎన్ఎం ఆడమనిషే కాబట్టి సిగ్గు పడాల్సిన పని కూడా లేదు.

మామోగ్రామ్ నెల్లూరులోనూ ఒంగోలులోనూ తీస్తారు. వయసు మళ్ళాక రొమ్ములో గ్రంథులు తగ్గి కొవ్వు ఎక్కువవుతుంది కాబట్టి పడుచు వాళ్ళకంటే పెద్దవాళ్ళకి ఆ ఫొటో స్పష్టంగా వస్తుంది. తీయించగలిగితే రెండేళ్ళకోసారి తీయించు. తీసేటప్పుడు కాస్త గట్టిగా నొక్కుతారు, ముందే చెప్పి తీసుకెళ్ళు, లేకపోతే అక్కడ మిషన్ని తిడుతుంది.

రెండు పరీక్షల మధ్య స్నానం చేసేటప్పుడు తనే చూసుకోవాలి. గడ్డ, చంకలో గడ్డ, చర్మం లోపలికి లాక్కుపోవడం లేదా నారింజ తొక్కలా అవడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాన్నుంచి నెత్తురు లాంటిది రావడం. వీటిలో ఏదైనా కనిపిస్తే ఆ వారంలోనే చూపించాలి. మాస్టారు రాసినట్టు నొప్పి లేదని ఊరుకునేది కాదు, మొదట్లో చాలా గడ్డలకి నొప్పి ఉండదు. గడ్డలన్నీ క్యాన్సర్లు కావు, అది కూడా నిజమే, కానీ ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

పొదిలి మాస్టారు:
ఖర్చు భయంతో ఆగేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక ముక్క. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అందులో క్యాన్సర్ చికిత్స ఉంది. నెల్లూరు వైపు వాళ్ళు అలవాటుగా చెన్నై బండెక్కుతారు, అక్కడి అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి పేరు అందరికీ తెలుసు. అది మంచిదే, కానీ తిరుపతిలో టాటా ట్రస్టు వాళ్ళ సాయంతో పెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది. మావైపు నుంచి గుంటూరు జనరల్ ఆసుపత్రిలో క్యాన్సర్ బ్లాకు దగ్గర. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు నాలుగేసి తీసి పెట్టుకోండి, ప్రతి కౌంటర్లో అడుగుతారు.

ప్రకృతి ప్రేమి:
ఇన్ని మాట్లాడారు, పసుపు మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి కదా?

ఒంగోలు సిస్టర్, రిటైర్డ్:
జరుగుతున్నాయి నాయనా, గాజు గొట్టాల్లో బాగానే పనిచేస్తోంది. మనుషుల్లో ఈ జబ్బు రాకుండా ఆపుతుందని తేలలేదు. కూరలో వేసుకో, ఎవరొద్దన్నారు. గడ్డ మీద మాత్రం పూయకు.

కందుకూరు అమ్మాయి:
అండాశయాలు ఉంచారట, పాత ఫైల్లో దొరికింది. ఏఎన్ఎం శుక్రవారం మా ఊరి క్లినిక్‌లో ఉంటుందట, అమ్మ వస్తానంది గానీ ఒక షరతు పెట్టింది, పెద్దమ్మని కూడా తీసుకెళ్ళాలట, తనొక్కతే వెళ్తే ఏదో ఉందని ఊళ్ళో అనుకుంటారని. పెద్దమ్మకి 68, ఆమె ఇంకా లావు. ఆమెని ఒప్పించే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నెల్లూరు వాకర్:
పరీక్ష అయ్యాక టిఫిన్ పెట్టిస్తానని చెప్పండి. ఇడ్లీ మాత్రమే అని అక్కడికెళ్ళాక చెప్పొచ్చు.